జరిపే బిళ్ళల పజిళ్ళు: ఖాళీ గడిని నడపడం నేర్చుకునే సమగ్ర మార్గదర్శి

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే రోజుల్లో వీధుల పొడవునా వెలిసే బొమ్మల అంగళ్ళలో ఒకదాని దగ్గర మా అక్క కూతురు చిన్న ప్లాస్టిక్ చట్రాన్ని ఏరుకుంది. అందులో వరుసకు నాలుగు చొప్పున 16 గడులు, 15 అంకెల బిళ్ళలు, ఒక ఖాళీ గడి ఉన్నాయి. ఆ పిల్ల రెండు సాయంత్రాలు దాని ముందు కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా 13 వరకు వరుసగా పేర్చింది. చివర్లో మాత్రం 15 ముందు, 14 వెనుక వచ్చి ఆగిపోయాయి. "ఏంది మామా, రెండే కదా తారుమారు, ఇంకొంచేపు జరిపితే సరిపోదా?" అని అడిగింది. ఎన్నాళ్ళు జరిపినా సరిపోదని నేను చెప్పినప్పుడు ఆమె ముఖం చిన్నబోయింది. అంగడిలో ఎవరో బిళ్ళలను ఊడదీసి, తిరిగి బిగించేటప్పుడు రెండింటిని తారుమారుగా పెట్టి ఉంటారు. పిల్ల తప్పేమీ లేదు. అందుకే ఈ మార్గదర్శిని బిళ్ళలు జరపడంతో కాకుండా, చేతిలో ఉన్న పజిల్ అసలు తీరేదేనా అని పరీక్షించడంతో మొదలుపెడుతున్నాను.

ముందుగా చేయవలసిన పరీక్ష

ఖాళీ గడిని కింది వరుసలో కుడి మూలకు తీసుకువెళ్ళండి. బిళ్ళల మీది అంకెలను పుస్తకం చదివినట్టు ఎడమ నుంచి కుడికి, పై వరుస నుంచి కింది వరుసకు చదువుతూ కాగితం మీద ఒకే వరుసగా రాసుకోండి. ఇప్పుడు ఒక్కో అంకె దగ్గర ఆగి, దాని తర్వాత వచ్చే అంకెల్లో దానికంటే చిన్నవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అలా పెద్దది ముందు, చిన్నది వెనుక ఉన్న ప్రతి జతనూ తారుమారు జత అనుకుందాం. వచ్చిన సంఖ్యలన్నీ కలిపితే మొత్తం సరిసంఖ్య అయితే పజిల్ తీరుతుంది, బేసిసంఖ్య అయితే తీరదు.

ఉదాహరణకు పై రెండు వరుసలూ 1 నుంచి 8 వరకు సరిగ్గా ఉండి, కింది రెండు వరుసలు ఇలా ఉన్నాయనుకోండి:

9 12 10 15
13 11 14 ఖాళీ

9 తర్వాత దానికంటే చిన్నది లేదు. 12 తర్వాత 10, 11 ఉన్నాయి కాబట్టి రెండు. 10కి ఏమీ లేవు. 15 తర్వాత 13, 11, 14 ఉన్నాయి కాబట్టి మూడు. 13 తర్వాత 11 ఉంది కాబట్టి ఒకటి. మొత్తం ఆరు, సరిసంఖ్య. ఇది తీరే పజిల్. దీన్ని కింద పూర్తిగా విప్పి చూపిస్తాను. మా పిల్ల చట్రంలో 15, 14 జత ఒక్కటే తారుమారు, మొత్తం ఒకటి, బేసి.

ఈ పరీక్ష ఎందుకు నమ్మదగినదో అర్థం చేసుకోవడానికి పెద్ద గణితం అవసరం లేదు. బిళ్ళను పక్కకు జరిపితే చదివే క్రమం మారదు. పైకో కిందికో జరిపితే మాత్రం అది చదివే క్రమంలో సరిగ్గా మూడు బిళ్ళలను దాటుతుంది, కాబట్టి మూడు జతలు తిరగబడతాయి, తారుమారు జతల మొత్తం ఒకటో మూడో పెరుగుతుంది లేదా తగ్గుతుంది. అంటే ప్రతి నిలువు కదలికతో సరి బేసిగా, బేసి సరిగా మారుతుంది. ఖాళీ గడి కింది వరుసలో బయలుదేరి కింది వరుసకే తిరిగి వచ్చిందంటే అది ఎన్నిసార్లు పైకి వెళ్ళిందో అన్నిసార్లు దిగింది, కాబట్టి నిలువు కదలికలు తప్పనిసరిగా సరిసంఖ్యలోనే ఉంటాయి, కాబట్టి మొదట్లో బేసిగా ఉన్నది చివరికీ బేసిగానే మిగులుతుంది. ఈ సంగతిని జాన్సన్, స్టోరీ అనే ఇద్దరు 1879లో ఒక అమెరికా గణిత పత్రికలో నిరూపించారు. ఆ పజిల్‌ను 1870లలో న్యూయార్క్ రాష్ట్రంలోని కెనస్టోటా అనే ఊరి పోస్ట్‌మాస్టర్ నోయస్ చాప్‌మన్ తయారుచేశాడు. 1880లో అది అమెరికాను, యూరప్‌ను ఊపేసింది. సామ్ లాయిడ్ అనే పజిళ్ళ రచయిత తర్వాతి కాలంలో అది తన సృష్టే అని చెప్పుకుంటూ, 14, 15లను సరిచేసినవారికి 1000 డాలర్లు ఇస్తానని ప్రకటించాడు. తీరని పజిల్ కాబట్టి ఆ సొమ్ము ఎవరికీ దక్కే అవకాశమే లేదు.

మీ లెక్క బేసి వస్తే ఏవైనా రెండు బిళ్ళలను ఊడదీసి, ఒకదాని స్థానంలో మరొకటి పెట్టండి, పజిల్ తీరేదవుతుంది. ఊడదీయడం ఇష్టం లేకపోతే మరో దారి ఉంది. ఖాళీ గడిని పై వరుస ఎడమ మూలలో ఉంచి, దాని పక్కనుంచి 1, 2, 3 అని మొదలుపెట్టి 15 వరకు పేర్చండి. బేసి లెక్క వచ్చిన చట్రం ఆ అమరికకు తప్పక చేరుతుంది. మా పిల్ల రెండో దారినే ఎంచుకుంది. వరుసకు మూడు గడులుండే ఎనిమిది బిళ్ళల చట్రంలో నిలువు కదలిక రెండు బిళ్ళలనే దాటుతుంది కాబట్టి అక్కడ సరిబేసి ఎప్పటికీ మారదు. ఖాళీని మూలకు తేకుండానే లెక్క చూసుకోవచ్చు.

అంకెలకు బదులు బొమ్మ ఉన్న చట్రాల గురించి ఒక మాట. గోపురం బొమ్మలో పైన ఆకాశం తప్ప మరేమీ లేని బిళ్ళలు రెండు ఒకేలా ఉంటే, అంతా కుదిరి చివర్లో ఏవో రెండు బిళ్ళలు తారుమారుగా మిగిలినప్పుడు, ఆ రెండు ఆకాశపు బిళ్ళలు ఒకదాని చోట మరొకటి వచ్చేలా మళ్ళీ పేర్చండి. కంటికి తేడా కనిపించదు, చిక్కు మాత్రం విడిపోతుంది.

బిళ్ళను కాదు, ఖాళీని నడపాలి

కొత్తవారు చేసే పొరపాటు ఒక్కటే. వారి చూపు తమకు కావలసిన బిళ్ళ మీదే ఉంటుంది. నిజానికి ఈ ఆటలో మన చేతిలో ఉన్నది ఖాళీ గడి ఒక్కటే. బిళ్ళ ఏ వైపు వెళ్ళాలో ఆ వైపు గడిలోకి ఖాళీని తీసుకువెళ్ళడమే మన పని. అది అక్కడికి చేరాక బిళ్ళ దానంతట అదే దారిలో పడుతుంది.

బిళ్ళ ఒక గడి ఎడమకు జరిగిందనుకోండి. ఖాళీ ఇప్పుడు దాని వెనుక, అంటే కుడివైపున ఉంటుంది. అదే బిళ్ళను ఇంకో గడి ఎడమకే జరపాలంటే ఖాళీ దాని చుట్టూ తిరిగి ముందుకు రావాలి; దానికి నాలుగు కదలికలు, బిళ్ళ జరగడానికి ఒకటి, మొత్తం ఐదు. అదే బిళ్ళను ఈసారి పైకి పంపదలచుకుంటే ఖాళీ ఒకసారి పైకి, ఒకసారి ఎడమకు కదిలితే చాలు, మూడో కదలికకే బిళ్ళ పైకి వెళ్ళిపోతుంది. అందువల్ల దూరంగా ఉన్న బిళ్ళను ముందు పూర్తిగా పక్కకు, ఆ తర్వాత పూర్తిగా పైకి తీసుకురావడం కంటే, మెట్లు ఎక్కినట్టు ఒక గడి పక్కకు, ఒక గడి పైకి నడిపించడం చాలా చౌక. ఈ ఒక్క అలవాటుతోనే చేతి వేగం కళ్ళకు కనిపించేంతగా పెరుగుతుంది.

ఖాళీని తిప్పేటప్పుడు ఇప్పటికే కుదిరిన బిళ్ళల మీదుగా వెళ్ళకూడదన్నది రెండో నియమం. పనిలో పనిగా చెబుతున్నాను, మొదట్లో కుదిరిన బిళ్ళల మీద ఎడమచేతి వేళ్ళు ఆనించి ఉంచడం మంచి సాధన.

పై రెండు వరుసలు

1ని, 2ను వాటి గడుల్లోకి నేరుగా నడిపించండి. 3ను మాత్రం దాని గడిలో పెట్టకండి. 1, 2, 3 తమ గడుల్లో కుదురుకున్నాక మిగిలిన మూల గడిలోకి ఉన్న దారి దాని కింది గడి ఒక్కటే. ఖాళీ మూలకు వెళ్ళాలన్నా ఆ దారినే వెళ్ళాలి, 4 వెళ్ళాలన్నా ఆ దారినే వెళ్ళాలి. ఖాళీ ముందుగా లోపలికి వెళ్తే మూలలోని బిళ్ళ కిందికి దిగి 4 ఉండవలసిన చోటును ఆక్రమిస్తుంది. ఎంత తిప్పినా కుదరకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి 3, 4 జంటగా ప్రవేశించాలి. ముందు 4ను మూడో వరుసకో నాలుగో వరుసకో దూరంగా పంపండి. తర్వాత 3ను దాని గడిలో కాకుండా 4 గడిలో, అంటే కుడి మూలలో పెట్టండి. ఆ పిమ్మట 4ను కుడి నిలువు వరుస గుండా పైకి తెచ్చి సరిగ్గా 3 కింద నిలపండి. ఖాళీ ఇప్పుడు 4 కింద ఉంటుంది. దాన్ని ఒక గడి ఎడమకు, రెండు గడులు పైకి నడిపితే 3 పక్కకు, అంటే పై వరుస మూడో గడికి చేరుతుంది. ఇక రెండే కదలికలు మిగిలాయి. 3 ఎడమకు జరుగుతుంది, దాని వెనుకే 4 పైకి ఎక్కుతుంది.

4ను ముందుగా దూరం పంపమన్నది ఊరికే కాదు. 3 మూలకు చేరేసరికి 4 దాని ఎడమ పక్క గడిలో కూర్చుని ఉంటే పై వరుస 1, 2, 4, 3గా బిగుసుకుపోతుంది. అటువంటప్పుడు చిన్న చిన్న సవరణలతో సమయం పోగొట్టుకోకుండా, 4ను మూడో వరుస దాకా కిందికి దించి, ఆ క్రమంలో 3 కదిలిపోయినా పట్టించుకోకుండా, దాన్ని మళ్ళీ మూలకు తెచ్చుకోవడమే మేలు.

రెండో వరుస కూడా ఇంతే. 5, 6 నేరుగా, 7 కుడి అంచులోని 8 గడిలో, 8 దాని కింద, ఖాళీ 7 గడిలో.

కింది రెండు వరుసలు

ఇక్కడ పద్ధతి మారుతుంది. మూడో వరుసను అడ్డంగా పూర్తిచేస్తే నాలుగో వరుసకు తిరిగే చోటు మిగలదు. అందుకని ఇప్పుడు ఎడమ నుంచి నిలువుగా, 9, 13 ఒక జంటగా, 10, 14 మరో జంటగా కుదర్చాలి. 13ను 9 గడిలో పెట్టి, 9ని దాని కుడి పక్కన నిలిపి, ఖాళీని 13 గడికి తెస్తే, 13 కిందికి దిగుతుంది, 9 ఎడమకు జరుగుతుంది. పై వరుసలో నేర్చిన కిటుకునే పక్కకు తిప్పి వాడుతున్నాం. 13ను నిలిపే ముందు 9ని కుడివైపు దూరంగా పంపే జాగ్రత్త ఇక్కడా తప్పదు.

ఎడమ జంట కుదిరాక ఆరు గడులు, ఐదు బిళ్ళలు మిగులుతాయి. నాకు ఈ పజిల్‌లో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే కాబట్టి కాసేపు ఆగుదాం. ఈ ఆరు గడులూ కలిసి ఒక వలయం. ఖాళీని ఆ వలయం చుట్టూ ఎన్నిసార్లు తిప్పినా ఎవరి వెనుక ఎవరు నడుస్తున్నారన్న వరుస మారదు, గుడి చుట్టూ ప్రదక్షిణం చేసేవారి వరుస లాగా. ఆ వరుసను మార్చగలిగేది మధ్య నిలువు గడుల జత ఒక్కటే. మధ్యలో పైనున్న బిళ్ళ కిందికి దిగితే, లేదా కిందిది పైకి ఎక్కితే, అది వలయంలో సరిగ్గా ఇద్దరిని దాటి ముందుకో వెనక్కో చేరుతుంది. కాబట్టి ఇక్కడ ఆలోచించవలసిన ప్రశ్న ఒకటే: ఏ బిళ్ళ ఏ ఇద్దరిని దాటాలి?

పైన లెక్కపెట్టిన ఉదాహరణను తీసుకుందాం. 9, 13 ముందే కుదిరి ఉన్నాయి. మిగిలింది ఇది:

12 10 15
11 14 ఖాళీ

గడియారం ముల్లు తిరిగే దిశలో చదివితే వరుస 12, 10, 15, 14, 11. మనకు కావలసిన అమరికలో పైన 10, 11, 12, కింద 14, 15 ఉంటాయి కాబట్టి అదే దిశలో చదివితే 10, 11, 12, 15, 14. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. 10 గనుక తన ముందున్న 15ను, 14ను దాటితే వరుస 12, 15, 14, 10, 11 అవుతుంది. దాన్ని 10 దగ్గరనుంచి చదివితే 10, 11, 12, 15, 14. కావలసినది సరిగ్గా అదే.

10 ఇప్పుడు మధ్యలో పైనే ఉంది. 14ను కుడికి జరిపితే దాని కింద ఖాళీ ఏర్పడుతుంది, 10ని అందులోకి దించితే దాటడం పూర్తవుతుంది:

12 ఖాళీ 15
11 10 14

ఇక మిగిలింది వలయాన్ని తిప్పడమే. 12 కుడికి, 11 పైకి, 10 ఎడమకు, 14 ఎడమకు, 15 కిందికి. మళ్ళీ 12 కుడికి, 11 కుడికి, 10 పైకి, 14 ఎడమకు, 15 ఎడమకు. మొత్తం 12 కదలికలతో చట్రం పూర్తయింది. ప్రతిసారీ ఒక్క దాటుతోనే పని జరగదు, రెండు మూడు అవసరం కావచ్చు. కానీ ప్రతిసారీ అడగవలసిన ప్రశ్న అదే. వరుసను చూసి దాటు కనిపెట్టడం కష్టమనిపిస్తే 10, 14లను పైన చెప్పినట్టు జంటగా కుదర్చండి. అప్పుడు మిగిలే మూడు బిళ్ళలు చుట్టూ తిప్పితే చాలు, వాటంతట అవే సర్దుకుంటాయి. సర్దుకోకపోతే మొదటి పరీక్షలో లెక్క తప్పిందని అర్థం.

ఇది అతి తక్కువ కదలికల పద్ధతి కాదు. ఖాళీ కుడి మూలలో ముగిసే అమరికకు చేరగల స్థితులు 1 నుంచి 16 వరకు సంఖ్యలన్నిటినీ గుణిస్తే వచ్చే లబ్ధంలో సగం, అంటే 10 లక్షల కోట్లకు పైనే ఉన్నాయి. వాటిలో ఎంత చిక్కుపడిన దానినైనా 80 కదలికల్లో తీర్చవచ్చని కంప్యూటర్లతో తేల్చారు. మూడు వరుసల చిన్న చట్రంలో ఆ సంఖ్య 31. మన పద్ధతికి అంతకంటే ఎక్కువ కదలికలు పడతాయి, కానీ తప్పకుండా తీరుతుంది.

వేర్వేరు కొలతల బిళ్ళలు: క్లాట్‌స్కీ

పదిహేను బిళ్ళల ఆట పట్టుబడ్డాక ఎక్కవలసిన మెట్టు ఇది. చైనాలో దీన్ని హువారోంగ్ దావ్ అంటారు, ఫ్రాన్స్‌లో ఎర్ర గాడిద అంటారు. నాలుగు గడుల వెడల్పు, ఐదు గడుల ఎత్తు ఉన్న చట్రంలో పది బిళ్ళలుంటాయి. పై వరుస మధ్యలో రెండు గడుల వెడల్పు, రెండు గడుల ఎత్తు గల పెద్ద బిళ్ళ. దానికి రెండు వైపులా ఒక్కో నిలువు బిళ్ళ. వాటి కింద అంచుల్లో మరో రెండు నిలువు బిళ్ళలు. పెద్ద బిళ్ళ కింద ఒక అడ్డ బిళ్ళ. దాని కింద పక్కపక్కన రెండు చిన్న బిళ్ళలు. అట్టడుగు వరుస రెండు మూలల్లో ఒక్కో చిన్న బిళ్ళ. ఆ మూలల మధ్య రెండు గడులు ఖాళీ. పెద్ద బిళ్ళను కింది వరుస మధ్యకు తీసుకురావాలి.

అంగడిలో దొరక్కపోతే బాధపడనవసరం లేదు. ఇంట్లో పాత పెళ్ళిపత్రికల మందపు అట్ట చాలు. గడికి 3 సెంటీమీటర్ల చొప్పున కొలుచుకుని, బిళ్ళలు పట్టేయకుండా ప్రతి అంచునా ఒక మిల్లీమీటరు తగ్గించి కత్తిరించండి. మాది కొయ్య బొమ్మలకు పేరున్న మాధవమాల దగ్గరి ప్రాంతం కాబట్టి, వీలున్నవారు చెక్క పనివారితో చేయించుకుంటే తరతరాలు నిలుస్తుంది.

రెండు గదుల అద్దె ఇంట్లో బీరువా జరిపినవారికి ఈ పజిల్ స్వభావం వెంటనే తెలుస్తుంది. బీరువా కదలాలంటే ముందు మంచం కదలాలి, మంచం కదలాలంటే బియ్యం డబ్బా కదలాలి. పెద్ద బిళ్ళ ఒక్క గడి కదలడానికి రెండు ఖాళీలూ పక్కపక్కన, దాని అంచును ఆనుకుని ఉండాలి. అది కదిలిన మరుక్షణం రెండు ఖాళీలూ దాని వెనక్కి పోతాయి. కాబట్టి ఇక్కడ కూడా పని ఖాళీలదే. వాటిని విడదీస్తే మళ్ళీ కలపడానికి చాలా కదలికలు ఖర్చవుతాయి. చిన్న బిళ్ళలను కూడా వీలైనంతవరకు జంటగా నడపండి. పక్కపక్కన ఉన్న రెండు చిన్న బిళ్ళలు ఒక అడ్డ బిళ్ళకు సమానం, ఒకదాని కింద ఒకటి ఉంటే నిలువు బిళ్ళకు సమానం, పైగా మలుపు తిరగగలవు. నిలువు బిళ్ళలకు ఆ శక్తి లేదు.

మొదటి కదలికకు ముందే కాగితం మీద తేల్చుకోగల విషయం ఒకటుంది. పెద్ద బిళ్ళ కింది మధ్యలో చేరినప్పుడు దాని రెండు పక్కలా ఒక్కో గడి వెడల్పే మిగులుతుంది. అడ్డ బిళ్ళ రెండు గడుల వెడల్పు, తిరగలేదు, కాబట్టి అది అప్పటికి పెద్ద బిళ్ళ పైన ఉండి తీరాలి. ఇప్పుడేమో కింద ఉంది. అంటే ఎక్కడో ఒకచోట అది పెద్ద బిళ్ళ పక్కనుంచి దాటాలి. చట్రం వెడల్పు నాలుగు గడులు, రెండు బిళ్ళలూ కలిపి నాలుగు గడులు, కాబట్టి ఆ దాటే సమయంలో పెద్ద బిళ్ళ మధ్యలో ఉండడానికి వీల్లేదు, ఒక అంచుకు ఆనుకునే ఉండాలి.

ఇది తెలిశాక గుడ్డిగా జరపడం ఆగిపోతుంది. పనిని మూడు మజిలీలుగా చేసుకోండి: పెద్ద బిళ్ళను ఒక అంచుకు చేర్చడం, దాని పక్కనుంచి అడ్డ బిళ్ళను పైకి దాటించడం, ఆ తర్వాత పెద్ద బిళ్ళను అంచు వెంట దించి మధ్యకు తీసుకురావడం. మూడో మజిలీలో చిక్కుకుంటే వెనకనుంచి ఆలోచించండి. పెద్ద బిళ్ళ చివరి గడులకు ఒకటి పైనుంచి రావాలి, లేదా పక్కనుంచి రావాలి. పైనుంచి అయితే ఖాళీలు రెండూ అట్టడుగు వరుస మధ్యలో ఉండాలి. పక్కనుంచి అయితే ఒకదాని మీద ఒకటిగా నిలువుగా ఉండాలి. ఆ రెండింటిలో మీ స్థితికి దగ్గరగా ఉన్నదాన్ని గమ్యంగా పెట్టుకోండి.

ప్రతి మజిలీ చేరగానే ఫోనుతో ఒక ఫొటో తీసి పెట్టుకోవడం నేను చేసే పని. చాలాసేపు జరిపాక అమరిక పాత ఫొటోతో కలిసిందంటే చుట్టూ తిరిగి వచ్చామని తెలుస్తుంది, అక్కడినుంచి ఇంతకుముందు ఎంచుకోని దారిని పట్టుకోవచ్చు. అద్దంలో ప్రతిబింబంలా ఎడమకుడులు మారిన అమరిక కూడా పాతదే అని గుర్తుంచుకోండి. ఒక బిళ్ళ ఆగకుండా ఎంత దూరం జరిగినా దాన్ని ఒకే కదలికగా లెక్కిస్తే ఈ పజిల్‌కు అతి తక్కువ పరిష్కారం 81 కదలికలు. మా పిల్ల అట్టతో చేసుకున్న చట్రంలో మొదటిసారి 200 దాటాక లెక్క ఆపేసింది. పోయిన ఆదివారం 119కి దించింది, ఆ ఫొటోలన్నీ వరుసగా నాకు పంపింది.